ఉప్పు చూసే మనిషి

అక్కకు ఆపరేషన్ అయి నాలుగు రోజులు కూడా కాలేదు. అయినా శనివారం శనివారమే కాబట్టి మగవాళ్ళ మందులోకి పచ్చి చేపల కోయ్‌పా చెయ్యక తప్పలేదు. చీ నదిలో తెల్లారగట్ల పట్టిన చేపలు, వేలెడు పొడుగువి, బుట్టలో ఇంకా ఎగిరెగిరి పడుతున్నాయి. మలివన్ వాటి పొలుసు గీకి, చింతమొద్దు మీద వేసి, రెండు చేతులా రెండు కత్తులు పట్టుకుని ముద్దయ్యేదాకా తరిగింది. నిమ్మకాయలు పిండగానే ముద్ద తెల్లబడింది. నిమ్మపులుపే ఉడికించేస్తుంది, ఇంక పొయ్యి ఎందుకు అంటారు ఆ ఊళ్ళో. వేయించి దంచిన బియ్యప్పొడి, ఎండుకారం, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, గుప్పెడు పుదీనా, చేపల ఉప్పురసం వేసి చేత్తో కలుపుతుండగా వసారాలోంచి మొగుడి గొంతు వినపడింది.

"ఏమేవ్, అయిందా? ఉప్పు చూశావా?"

"చూస్తున్నా."

"సరిగ్గా చూడు. మీ అక్క చెయ్యి నీకు రాదని మాకు తెలుసులే. ఉప్పన్నా కుదరనీ."

వసారాలో నలుగురూ నవ్వారు. ఆ నలుగురిలో అక్క మొగుడు బున్‌సీ కూడా ఉన్నాడు. ఆసుపత్రిలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని స్నానానికి ఇంటికొచ్చి, స్నానమయ్యాక మరదలి వసారాలో మందు గ్లాసు ముందు చతికిలబడ్డాడు. ఆసుపత్రిలో అక్క ఉరయ్ మంచం పక్కన ఇప్పుడు మలివన్ కూతురు మోన్ కూర్చునుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కాలేజీకి సెలవులు.

మలివన్ చూపుడువేలి కొసతో చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. ఉప్పు తక్కువ. ఉప్పురసం పోసి కలిపి మళ్ళీ వేసుకుంది. పులుపు ఎక్కువైంది. బియ్యప్పొడి వేసి మళ్ళీ. మగవాళ్ళ ముందు పెట్టాక ఉప్పు అడిగించుకున్న ఆడదానికి చేతులున్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనేది అమ్మ. పదేళ్ళ వయసులో అక్కచెల్లెళ్ళిద్దర్నీ మొద్దు ముందు కూర్చోబెట్టి, నాలిక చాపమని చాపించి, చిటికెడు చిటికెడు వేసి నేర్పింది. ఉరయ్ కళ్ళు మూసుకుని చప్పరించి, ఏం తక్కువో ఒక్కమాటలో చెప్పేది. మలివన్‌కు మూడుసార్లు చూస్తే గాని తెలిసేది కాదు. ఇప్పటికీ అంతే. చూడటమే గాని తను కోయ్‌పా తినదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళెవరూ తినరు. అది మందులోకి మగవాళ్ళు తినేది. వాళ్ళు లేచాక మిగిలిన ఆవిరన్నంలో మిరపకాయ పచ్చడి నంజుకుని, గిన్నెలు కడుక్కుంటే ఆడవాళ్ళ భోజనం అయినట్టే. ఆ ప్రాంతంలో పెళ్ళయితే మొగుడే పెళ్ళాం ఇంటికి వస్తాడు. ఊళ్ళో మగవాళ్ళందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. అయినా ఏ ఇంట్లోనూ వంటింటి గడప దాటిన అల్లుడు లేడు.

పచ్చి చేప మానెయ్యమని మొగుడు థవీకి ఆమె చెప్పని ఏడాది లేదు. అందులో ఉండే పురుగు కాలేయంలో చేరి కాపురం పెడుతుందని బళ్ళో పిల్లలకు కూడా తెలుసు. "మా తాత తిన్నాడు, ఎనభై రెండేళ్ళు బతికాడు," అంటాడు థవీ. "మాత్ర ఉంది కదా, మింగితే పోతుంది. పైగా ఏటా వ్యానొచ్చి కడుపు మీద జిగురు రాసి మరీ చూసి వెళ్తోంది. నీకున్నాయా ఆ మర్యాదలు?" లేవు. స్కానింగ్ వ్యాను ఊరికి వచ్చినప్పుడు పేర్లు పిలిచేది పచ్చి చేప తినేవాళ్ళనే. మగవాళ్ళు చొక్కాలు ఎత్తుకుని వరసలో నిలబడితే ఆడవాళ్ళు చెట్టు కింద కూర్చుని వాళ్ళ బొజ్జల మీద జోకులు వేసుకునేవాళ్ళు.

ఆ వరసలో ఉరయ్ ఏనాడూ నిలబడలేదు. కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురదపెట్టి, గోళ్ళతో రక్తం వచ్చేదాకా గీరుకున్నాక గాని ఆసుపత్రికి వెళ్ళలేదు. పిత్తనాళం దగ్గర గడ్డ, కోడిగుడ్డంత.

సోమవారం పొద్దున ఆ గడ్డ మైనపు దిమ్మలో కూర్చుని మలివన్ బల్ల మీదికి వచ్చింది.

పెద్దాసుపత్రి ల్యాబ్‌లో ఆమెది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. మనుషుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కల్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, ఆ పొరను గోరువెచ్చటి నీళ్ళ మీద తేల్చి, గాజుపలకతో ఎత్తి, రంగులు వేస్తుంది. నీళ్ళ మీద పొర ముడతపడితే డాక్టర్లకు ఏమీ కనపడదు. ముడత పడకుండా ఎత్తడం ఎవరూ నేర్పలేదు, చేతికి అబ్బింది. పదకొండేళ్ళుగా ఆ గాజుపలకలు చదివే పని కూడా ఆమె మీద పడింది. ఉద్యోగ కాగితాల్లో ఆ పని లేదు.

చదవడమంటే ఇది. ఆ గడ్డల కణాల్లో ఒక ప్రోటీన్ ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల జాతిది. ఆరోగ్యంగా ఉన్న కణంలో అది కేంద్రకం బయట, గుమ్మం దగ్గర కూర్చుని ఉంటుంది. ఏళ్ళ తరబడి పిత్తనాళంలో పురుగు చేరి పుండు చేస్తూ పోతే, ఒకరోజు అది గుమ్మం దాటి లోపలికి పోతుంది. లోపల జన్యువులనే పెద్ద పుస్తకం ఉంటుంది. అందులో ఏ పేజీ తెరవాలో, ఏది మూసెయ్యాలో చెప్పడమే దాని పని. తను స్వయంగా ఏమీ చెయ్యదు, చేయిస్తుంది. పెరగమంటే కణం పెరుగుతుంది. పక్కవాళ్ళ చెయ్యి వదిలెయ్యమంటే వదిలేస్తుంది. లేచి పొమ్మంటే రక్తంలో పడి ఊపిరితిత్తులకో ఎముకలకో పోయి అక్కడ ఇల్లు కట్టుకుంటుంది. ఈ పరిశోధన నడిపే ప్రొఫెసర్, అందరూ ఆచాన్ అని పిలిచే విరత్, మొదటిసారి ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు మలివన్‌కు నవ్వొచ్చింది. వసారాలో కూర్చుని పని చేయించే మనుషులు ఒంట్లో కూడా ఉంటారన్నమాట అనుకుంది.

రంగు వేశాక ఆ ప్రోటీన్ ఎక్కడుంటే అక్కడ గోధుమరంగు తేలుతుంది. కేంద్రకాలు తెల్లగా ఉంటే సున్నా. అక్కడక్కడా గోధుమగా ఉంటే ఒకటి, సగానికి సగమైతే రెండు. మొత్తం కాఫీగింజలు పరిచినట్టుంటే మూడు. సున్నాలూ ఒకట్లూ ఆపరేషన్ అయ్యాక నాలుగేళ్ళు, ఐదేళ్ళు బతికారు. మూళ్ళు పదిమందిలో ఏడుగురు ఏడాది దాటలేదు. ఈ మాట ఏ రోగికీ చెప్పరు. అది పరిశోధన కోసం, ఆచాన్ రాసే వ్యాసం కోసం. ఆ వ్యాసం చివర ఎక్కడో సన్నటి అక్షరాల్లో ల్యాబ్ సిబ్బందికి కృతజ్ఞతలు ఉంటాయి.

మలివన్ అక్క గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టింది. పొర ఒక్క ముడత లేకుండా వచ్చింది. అంత బాగా రావడం చూసి తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. కన్ను ఆనించింది. ఎటు జరిపినా కాఫీగింజలే. మూలలకు జరిపింది. అక్కడ కణాలు వరస తప్పి, ఒకదాన్నొకటి విడిచి, ఒంటరిగా బయల్దేరి పోతున్నాయి. ఒకటీ, రెండూ అని వేసుకోవడానికి ఎక్కడైనా కాస్త తెల్లటి చోటు దొరుకుతుందేమోనని ఆమె గంటసేపు వెతికింది. తర్వాత కాగితం మీద మూడు అని రాసింది. ఆ మూడును చాలా జాగ్రత్తగా, బళ్ళో కాపీ పుస్తకంలో రాసినట్టు రాసింది.

"నేను చెప్పలేదా మలివన్ అక్కా!" అన్నాడు ఆచాన్ విరత్ ఆ అంకె చూసి. ఆయనకు నలభై దాటలేదు. పెద్దవాళ్ళని అక్కా అని నోరారా పిలుస్తాడు, పిలుస్తూనే పని చెబుతాడు. ఇది ఎవరి గడ్డో ఆయన అప్పటికి చూసుకోలేదు. "మళ్ళీ మూడే. ఆడవాళ్ళలో ఇది నలభై ఒకటో కేసు. ఒక్కరూ పచ్చి చేప ముట్టినవాళ్ళు కాదు, అయినా మగవాళ్ళ కన్నా ఎక్కువ మూళ్ళు. అంటే పురుగుతో సంబంధం లేకుండానే ఇది లోపలికి పోతోంది. ఆడవాళ్ళ ఒంట్లోనే ఏదో ఉంది. పుట్టుకతోనే వస్తోంది. ఎంత పెద్ద విషయమో తెలుసా?"

"ముట్టలేదని ఎలా తెలుసు ఆచాన్?"

"ఫారం ఉంది కదక్కా. నాలుగో ప్రశ్న." ఆయన ఫైలు ఆమె ముందుకు తోసి వెళ్ళిపోయాడు.

మలివన్ ఫైలు తెరిచింది. నాలుగు: పచ్చి చేప తినే అలవాటు ఉన్నదా? లేదు. ఆ 'లేదు' పక్కన టిక్కు. ఆ టిక్కు తోక ఎడమకు వంకర తిరిగి ఉంది. అలా టిక్కు పెట్టేది ఆ ఆసుపత్రిలో ఒక్కత్తే.

ఏడేళ్ళ కిందట ఊరి ఫారాలు నింపడానికి చెయ్యి సాయం కావాలంటే ఆదివారం ఇంటికి తెచ్చుకుంది. ఇంటి కింద, స్తంభాల నీడలో ఉరయ్ కోయ్‌పా కలుపుతోంది. ఆరోజు బున్‌సీ స్నేహితులు వచ్చారు. "అక్కా, పచ్చి చేప తింటావా?" అని అడిగింది మలివన్. "ఛీ, నేనెందుకు తింటానే! అది మీ బావ సొత్తు, మనకెక్కడ మిగులుతుంది?" అంది ఉరయ్. ఇద్దరూ పడీపడీ నవ్వారు. మలివన్ టిక్కు పెట్టింది. కింద తన ఫారానికి కూడా అదే టిక్కు పెట్టుకుంది. ఇప్పుడు ల్యాబ్‌లో, ఫైలు ముందు కూర్చుని ఆ ఆదివారాన్ని మళ్ళీ చూస్తుంటే, అప్పుడు కళ్ళెదుటే ఉండి కూడా కనపడని ముక్క ఒకటి కనపడింది. ఆ జవాబు చెప్పడానికి ఉరయ్ నోట్లోంచి వేలు తీసింది.

శనివారం నాటి మిరపకారం మలివన్ నాలిక చివర ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నం నుంచి ఆమె భోజనం వేళ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. అక్కది పోను నలభై ఫైళ్ళు. రంగులు కలిపే గది తలుపు వేసుకుని ఒక్కొక్క ఇంటికే. నాలుగో ప్రశ్నను పక్కన పెట్టి తన ప్రశ్న ఒకటి తయారుచేసుకుంది: మీ ఇంట్లో కోయ్‌పాలో ఉప్పు ఎవరు చూసేవారు? ముప్ఫై మూడు ఇళ్ళల్లో ఫోను ఎత్తారు. ఎత్తినవాళ్ళలో ఎక్కువమంది మొగుళ్ళు, ఎందుకంటే పెళ్ళాలు లేరు.

"పోయి రెండేళ్ళయిందమ్మా," అన్నాడు ఒక ముసలాయన. "ఇప్పుడేం అడుగుతారు?"

"ఒక్క మాటే తాతా. ఆమె పచ్చి చేప తినేదా?"

"అయ్యో, ముట్టేది కాదు. అదే కదా మా ఖర్మ. తిన్నవాణ్ణి నేను, గుండ్రాయిలా ఉన్నాను. తినని మనిషి పోయింది. గుళ్ళో భిక్షువుని అడిగితే పోయిన జన్మ లెక్క అన్నాడు."

"మరి మీకు చేసేటప్పుడు ఉప్పు ఎవరు చూసేవారు?"

"ఇంకెవరు చూస్తారు తల్లీ, ఆవిడే! నలభై ఏళ్ళు. ఇలా చిటికెడు నాలిక మీద వేసుకుని, కాసేపు ఆలోచించేది, ఏదో పాట గుర్తు తెచ్చుకుంటున్నట్టు. ఒక్కరోజంటే ఒక్కరోజు తప్పలేదు." కాసేపు ఆయన ముక్కు ఎగబీల్చడం వినపడింది. "ఇప్పుడు కూతురు చూస్తోంది. ఫరవాలేదు. నేర్చుకుంటుంది."

మలివన్ ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని, పక్కనున్న రంగు సీసాల మీద పేర్లు చదువుతూ కూర్చుంది. చదువుతూ ఉండకపోతే అరిచేస్తానేమోనని భయం వేసింది. ముప్ఫై మూడు ఇళ్ళల్లో ముప్ఫై ఇళ్ళు అదే జవాబు చెప్పాయి. అందరూ పొగుడుతూనే చెప్పారు. చచ్చిపోయిన ఆడదాన్ని ఇంతలా పొగిడే మాట ఇంకొకటి లేనట్టుంది: ఆవిడ చూస్తే ఉప్పు తప్పేది కాదు.

ఇంట్లో థవీకి చెప్పింది. ఆయన గ్లాసు దించకుండానే విన్నాడు. "చిటికెడుకు రోగమొస్తే గిన్నెలు గిన్నెలు లాగించే మేమంతా ఎప్పుడో పోవాలి. ఏం బావా?" బున్‌సీ తల ఊపాడు. థవీయే మళ్ళీ అందుకున్నాడు. "చదువుకున్న పెళ్ళాం ఉంటే ఇదే తలనొప్పి. నోట్లో పెట్టుకుందామంటే పురుగంటుంది, పెట్టుకోకపోతే నా వంట నచ్చలేదా అంటుంది." మాత్రలు మింగేదీ, వ్యానెక్కేదీ మీరేగా, మా నాలికలకు మాత్రలెవరిచ్చారు అని అడగాలని ఆమె నోటిదాకా వచ్చింది. అంతలో ఆవిరన్నం బుట్ట కింద నీళ్ళు పొంగాయి. లేచి వెళ్ళింది.

ఆచాన్ విరత్ ఆమె రాసిన కాగితం రెండుసార్లు చదివాడు. చదివి, తలుపు దగ్గరికి వేశాడు.

"అనుమతి లేకుండా రోగుల ఇళ్ళకు ఫోన్లు చేశారా అక్కా? ఇది పైవాళ్ళకు తెలిస్తే నా ప్రాజెక్టు ఆగిపోతుంది."

"వాళ్ళు తిన్నారు ఆచాన్. పురుగు కారణం కాదని రాయకండి. ఆ మాట అచ్చయితే ఆడవాళ్ళను ఇక ఎప్పటికీ వ్యాను పిలవదు."

"రుచి చూడటం తినడం కాదు కదా."

"వారానికి రెండుసార్లు, పదేళ్ళ వయసు నుంచి. పండగలకీ పెళ్ళిళ్ళకీ వేరే."

"డేటా మూసేశాం అక్కా. మూసేశాక కొత్త ప్రశ్న చేర్చకూడదు. అది పద్ధతి. వచ్చే ప్రాజెక్టులో తప్పకుండా చూద్దాం."

"వచ్చే ప్రాజెక్టు ఎప్పుడు?"

"నాలుగేళ్ళు. మహా అయితే ఐదు." ఆయన గొంతు మెత్తబడింది. "మీ అక్కగారి సంగతి నిన్ననే తెలిసింది. మనసు బాలేనప్పుడు ఇలాంటివన్నీ తోస్తాయి. నాలుగు రోజులు సెలవు పెట్టండి. సరేనా? వెళ్తూ వెళ్తూ మీటింగు గదిలోకి ఆరు కాఫీలు చెప్పండి."

ఆమె ఆరు కాఫీలు చెప్పింది. చెప్పాక, వ్యాను జాబితా తయారుచేసే ఆఫీసుకు వెళ్ళి తన పేరు చేర్చమని అడిగింది. అక్కడి అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీరు తినరు కదక్కా, జాబితా ఒప్పుకోదు," అని నవ్వింది. తన కడుపులో ఏముందో మలివన్‌కు తెలియదు. ఫోన్లు మొదలుపెట్టిన రెండో వారం నుంచి అరచేతులు దురదపెడుతున్నట్టు ఉండేది. నిజంగానే దురదో, భయమో తేల్చుకోలేక, బస్సులో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది.

ఉరయ్‌కి జబ్బు సంగతి చెప్పొద్దని బున్‌సీ ఒట్టు వేయించుకున్నాడు. డాక్టరు కూడా అతన్ని పక్కకు పిలిచి అతనికే చెప్పాడు. అక్కడ అంతే, ఒంట్లో జబ్బు ఒకరిది, వినే చెవి ఇంకొకరిది. రాయి ఉంటే తీసేశారని ఆమెతో చెప్పారు. మూడో నెలలో కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. ఒక సాయంత్రం మలివన్ అక్క వీపుకు పౌడరు రాస్తుంటే, ఉరయ్ గోడవైపు చూస్తూ అడిగింది.

"నీ గాజుపలక ఏం చెప్పిందే?"

"ఏ గాజుపలక?"

"ఆ రాయిని నువ్వే కోసుంటావు కదా. ఎన్ని మార్కులు వేశావు నాకు?"

మలివన్ పౌడరు డబ్బాకు మూత పెట్టింది. "మూడు," అంది.

"ఎన్నింటికి?"

"మూడింటికి."

"చూశావా," అంది ఉరయ్. నవ్వితే కడుపులో పట్టేసింది, అయినా నవ్వింది. "బళ్ళో ఎప్పుడూ రాలేదే నాకిన్ని మార్కులు."

మలివన్ ఆ వీపు మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూనే ఆ ఆదివారం సంగతి, టిక్కు సంగతి, తను చేసిన ఫోన్ల సంగతి అంతా చెప్పింది. నేను నిన్ను సరిగ్గా అడిగి ఉంటే ఏడేళ్ళ కిందే నీ పేరు వరసలో ఉండేది, అప్పుడే కనపడేది, నిన్ను నేనే చంపానక్కా అంది. ఉరయ్ అంతా విని, కష్టం మీద ఇటు తిరిగింది.

"నువ్వడిగింది తింటావా అని. నేను చెప్పింది తిననని. అందులో అబద్ధం ఏముందే? తినడమంటే కంచం ముందు పెట్టుకుని కూర్చుని తినడం. నేనెప్పుడు కూర్చున్నాను?"

కాసేపు ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది, తప్పు చేసిన చిన్నపిల్లను సముదాయిస్తున్నట్టు. "ఎవరో ఒకరు చూడాలి కదే ఉప్పు."

ఆ మాటే మలివన్‌ను ఆ తర్వాత రోజుల్లో తినేసింది. స్లైడులో మూడు చూసినప్పుడు కూడా ఇంత చీకటి అనిపించలేదు. ప్రాణం పోతోందని తెలిసి కూడా అక్కకు అనుమానం రాని మాట అది. అమ్మ వేసిన చిటికెడు నాలిక మీది నుంచి ఎప్పుడో దిగిపోయి, లోపల్లోపల ఎక్కడో కూర్చుని, ఈ పేజీ తెరువు, ఆ పేజీ ముయ్యి అని చెబుతూనే ఉంది. దానికి ఏ రంగు వేస్తే కనపడుతుంది?

ఉరయ్ వానలు మొదలైన వారంలో పోయింది. ఆపరేషనయ్యాక ఐదు నెలల పది రోజులు. మూడు రోజులు శవపెట్టెను ఇంట్లో ఉంచి భిక్షువుల చేత మంత్రాలు చదివించారు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి గుళ్ళో దహనం చేశారు. ఆ సాయంత్రం ఇల్లు చల్లబడకూడదని చుట్టాలూ పక్కాలూ చేరి, తిని తాగి, నవ్వులతో నింపడం అక్కడి ఆచారం. ఉరయ్ ఇంట్లో చాపలు పరిచారు. వంటింట్లో ఆడవాళ్ళు ఏడుపు ఆపుకుంటూనే ఉల్లిపాయలు తరిగారు. చేపలు రెండు బుట్టలు వచ్చాయి. బున్‌సీయే తెప్పించాడు. "దాని పేరు మీద మంచి కోయ్‌పా పెట్టకపోతే దాని ఆత్మ ఊరుకోదు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. అతని ఏడుపు నిజమైనదే.

మలివన్ గుళ్ళో లెక్కలు చూసి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. వంటింటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి చింతమొద్దు ముందు మోన్ కూర్చుని ఉంది. మోచేతుల దాకా బియ్యప్పొడి. చుట్టూ పెద్దవాళ్ళు.

"ఉప్పు నువ్వు చూడవే పిల్లా," అంటోంది పక్కింటి పిన్ని. "మీ అమ్మకు మూడుసార్లు చూస్తే గాని తెలీదు. పెద్దమ్మ నాలిక నీకే వచ్చింది, అందరూ అంటున్నారు."

మోన్ మొహం వెలిగింది. పెద్దమ్మను సాగనంపిన రోజునే పెద్దమ్మ చోటు ఇస్తున్నారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, అచ్చం ఉరయ్ లాగే తల ఒక పక్కకు వాల్చి, చిటికెడు తీసి నోటి దగ్గరికి తెచ్చుకుంది.

మలివన్ మూడు అడుగుల్లో చేరి ఆ మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే మోన్ అమ్మా అని అరిచింది. ఆమె కూతుర్ని తొట్టి దగ్గరికి లాక్కెళ్ళి, సబ్బు రాసి, ఒక్కొక్క వేలూ గోరు సందుల్లో దాకా తోమి కడిగింది, మూడేళ్ళ పిల్లకు కడిగినట్టు. రెండోసారి సబ్బు రాసింది. ఆడవాళ్ళందరూ చేతుల్లో పని ఆపి చూస్తున్నారు. అక్కపోయిన దుఃఖంలో మతి చలించిందేమో అని ఒకావిడ గుసగుసలాడింది.

"మరి ఉప్పు?" అంది పక్కింటి పిన్ని.

మలివన్ గిన్నె ఎత్తుకుంది. నాలిక మీద వేసుకోలేదు, వాసన కూడా చూడలేదు. చాపల మధ్య తెచ్చి పెట్టింది. థవీ, బున్‌సీ, ఇంకా పదిమంది. పక్కన ఆవిరన్నం బుట్టలు, మందు సీసాలు. ఆమె లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. బున్‌సీ అన్నం ముద్ద వేళ్ళతో చిదిమి, కోయ్‌పాలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం నెమ్మదించింది. ఎర్రబడిన కళ్ళతోనే, అలవాటుగా వంటింటివైపు తల తిప్పి అడిగాడు.

"ఉప్పు చాల్లేదే. ఎవరు చూశారిది?"

థవీ ఒక ముద్ద తిని, మొహం చిట్లించి, పెళ్ళాం వైపు చూశాడు. "ఏంటి మలివన్, ఇంతమంది ముందు? ఉప్పు చూడకుండానే పట్టుకొచ్చావా?"

మలివన్ మెల్లగా కూర్చుంది, ఆ మగవాళ్ళ వరసలోనే, బున్‌సీకి ఎదురుగా. మోన్ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడే దాకా ఆగింది.

"మూడింటికే కదా బావా, ఉప్పు చూసే మనిషిని కాల్చి వచ్చాం."